నాకు కొంచెం చీకటి కావాలి

స్టెతస్కోప్ వాడడం నేర్చుకున్న ప్రతి డాక్టరూ నన్ను వాడడం కూడా నేర్చుకునే బయటికొస్తాడు. ఆ తర్వాత దాన్ని మెడలోంచి దించడు, నన్ను సొరుగులోంచి తీయడు. నేను ఆప్తల్మోస్కోప్‌ను. మా మూలపురుషుడు జర్మనీకి చెందిన హెల్మ్‌హోల్ట్జ్. బతికున్న మనిషి కంటి వెనక పొరను చూసే సాధనాన్ని 1851లో లోకానికి పరిచయం చేశాడు. తలలో ఒత్తిడి పెరిగితే కంటి నరం మొదలు ఉబ్బుతుందని 1860లో కంటి డాక్టర్ ఫాన్ గ్రాఫె రాశాడు. మెదడు చుట్టూ ఉండే నీరే కంటి నరం తొడుగులోకీ వస్తుంది మరి. పుర్రె తెరవకుండానే లోపలి సంగతి అక్కడ తెలుస్తుంది.

నేనుండేది నల్లగొండలో, ఒక ఫిజీషియన్ గారి టేబుల్లో. నా సెల్లులు అయిపోతే గోడ గడియారంలోవి పీకి నాకు పెడతారు. గడియారం ఆగుతుంది, ఓపీ మాత్రం ఆగదు.

మర్రిగూడ దిక్కు నుంచి ఒకామె వచ్చింది. "తలకాయ పగిలిపోతుంది సారు. పొద్దుగాల లేవంగనే ఎక్కువైతది. వంగి లేస్తే కండ్లకు చీకట్లొస్తయ్. చెవుల గుండె కొట్టుకున్నట్టే సుయ్ సుయ్ మంటది." యాడాదిగా తిరుగుతోందట. ఒకరు సైనస్ అన్నారు, ఒకరు గ్యాస్ అన్నారు. మెడ కూడా నొస్తోందంటే ఊరంతా ఫ్లోరైడ్ నీళ్ల మీదికే తోశారు. అందులో తప్పు పట్టలేను. ఈ జిల్లా ఫ్లోరోసిస్ గురించి డాక్టర్ సిద్దికీ 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. అంత పేరుమోసిన జబ్బున్న చోట ఇంకో జబ్బును వెతికేదెవరు?

సారు లైటార్పారు, ఆమె కంటికి ఆనుకునేంత దగ్గరగా నన్ను పెట్టారు. నరం మొదలు పౌర్ణమి చంద్రుడిలా అంచు తీరి ఉండాలి. ఆమెకు అంచే లేదు. ఉబ్బి, చెదిరిపోయింది. చూపు పోయే ప్రమాదముందని చెప్పి అదే రోజు హైదరాబాద్ పంపారు.

కాగితాలు పట్టుకుని మళ్లీ వచ్చింది. గడ్డ లేదు. నడుములోంచి నీరు తీసి కొలిస్తే ఒత్తిడి 25 సెంటీమీటర్లు దాటింది, అంటే ఎక్కువే. సిరలను చూపే స్కాన్, వీనోగ్రామ్‌లో మాత్రం ఒక చిక్కు: పై మెడలో, మొదటి పూసకూ చెవి కింది స్టైలాయిడ్ ఎముకకూ నడుమ జుగులర్ సిర నొక్కుకుపోయి ఉంది. తల నుంచి రక్తం దిగే పెద్ద దారి అది. 1916లో క్వెకెన్‌స్టెట్ చేసిన పరీక్షలో ఆ సిరలను వేళ్లతో నొక్కితే వెన్ను నీటి ఒత్తిడి పెరగడం కనిపించేది.

"మరి ఆ ఎముక తీసేపిస్తే అయిపాయె గద సారు?" అన్నాడు ఆమె పెనిమిటి.

సారు తొందరపడలేదు. ఏ రోగమూ లేనివాళ్లలోనూ ఆ సిర అక్కడ సన్నగా కనిపిస్తుంది, తల తిప్పితే మారుతుంది, రక్తానికి వేరే దారులూ ఉంటాయి. తలలో ఒత్తిడే కొన్ని సిరలను నొక్కేస్తుంది కూడా. ఏది కారణమో, ఏది ఫలితమో డాక్టర్లకే తెగని వాదం. అందుకని ముందు ఒత్తిడి తగ్గించే ఎసిటజోలమైడ్ మాత్రలు, బరువు తగ్గడం, చూపు కొలవడం, నాతో నరాన్ని చూస్తుండడం. ఆపరేషన్ మాట ఆ తర్వాతే.

స్కానింగుకు డబ్బు పోగేసేలోపు నా పని రెండు నిమిషాల్లో అవుతుంది. తలనొప్పితో పాటు చూపు మసకబారుతుంటే, చెవిలో గుండె చప్పుడు వినిపిస్తుంటే, "సారు, కంటి నరం చూసిండ్రా?" అని అడగండి. కళ్లద్దాల నంబర్ చూడడం వేరు, ఇది వేరు.