పాత మెయిళ్లు పోగొట్టుకోవడం ఎలా?

పాత కంప్యూటర్లోని మెయిళ్లను కొత్తదాంట్లోకి భద్రంగా మార్చడం ఎలాగో చెప్పేవాళ్లు గల్లీకొకరున్నారు. వాటిని మళ్లీ దొరక్కుండా పోగొట్టుకోవడం ఎలాగో ఒక క్రమంలో చెప్పేవాళ్లే లేరు. ఆ లోటు తీర్చడానికే ఈ పాఠం. ఇందులో ప్రతి మెట్టూ నిజాంసాగర్‌లో మా మామ స్వయంగా ఎక్కి చూపించిందే.

మామది ఒకప్పుడు ఎస్టీడీ బూతు, తర్వాత జిరాక్స్ సెంటర్. 2005లో కొన్న డెస్క్‌టాప్ ఇప్పటికీ కౌంటరు కిందే ఉంది. అందులో విండోస్ ఎక్స్‌పీ, ఎక్స్‌పీలో అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్, అందులో మస్కట్ పోయిన కొడుకు ఏళ్ల తరబడి రాసిన మెయిళ్లు.

మొదటి మెట్టు: ముహూర్తం

తొందరపడకండి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తోనే ఆగిపోయింది. అయితే ఏమైంది? "నడుస్తున్నదాన్ని కెలుకుడెందుకురా" అన్నాడు మామ. డబ్బాలోంచి బల్లి పలికినట్టు టక్కుటక్కుమని చప్పుడు మొదలవుతుంది చూడండి, అప్పుడు ఆలోచించాలి. దాన్ని శుభశకునం అనుకుని ఇంకో ఆర్నెల్లు ఆగినా నష్టం లేదు.

రెండో మెట్టు: తేలికైన కాపీ

డెస్క్‌టాప్ మీద అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ బొమ్మ ఉంటుంది. దాన్ని పట్టుకుని పెన్‌డ్రైవ్‌లోకి లాగండి. రెప్పపాటులో అయిపోతుంది. సైజు చూస్తే ఒకటో రెండో కేబీలు. పదేళ్ల ఉత్తరాలు అంత చిన్నగా ఎట్లా ఒదిగాయని అడక్కండి. అది షార్ట్‌కట్, అంటే ఇంటి అడ్రసు రాసిన చీటీ. చీటీ జేబులో పెట్టుకుని ఇల్లు తెచ్చుకున్నానని మురిసిపోవడంలో ఉన్న సుఖం వేరు. మామ ఆ పెన్‌డ్రైవ్‌ను బీరువాలో పెట్టి తాళం కూడా వేశాడు.

అసలు ఇల్లు ఎక్కడుందో వెతకబోకండి, దారి చాలా దూరం. సి డ్రైవ్‌లో డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్, అందులో మీ పేరు, దానికింద కంటికి కనబడకుండా దాచిన లోకల్ సెట్టింగ్స్, తర్వాత అప్లికేషన్ డేటా, ఐడెంటిటీస్, ఆపైన అంకెలూ అక్షరాలూ కలగలిసిన బారెడు పేరుతో ఒక ఫోల్డరు, మైక్రోసాఫ్ట్, చివరికి అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్. అక్కడ ఇన్‌బాక్స్‌కు ఒకటి, పంపినవాటికి ఒకటి, తొలగించినవాటికి ఒకటి చొప్పున డీబీఎక్స్ ఫైళ్లుంటాయి. ఆ ఫోల్డరు మొత్తాన్ని కాపీ చేస్తే మెయిళ్లు బతికిపోతాయి కాబట్టి అటువైపు పోవద్దు.

మూడో మెట్టు: రెండో గది

ఎవరో బలవంతపెట్టి అసలు ఫైళ్లే కాపీ చేయించారనుకోండి. కంగారు లేదు, ఆ కాపీని డి డ్రైవ్‌లో పెట్టండి. ఇలాంటి పాత డబ్బాల్లో సి, డి రెండూ చాలావరకు ఒకే డిస్కుకు గీసిన రెండు గదులు. ఇల్లు అంటుకుంటే ముందుగదిలోని బియ్యం బస్తా వెనకగదిలోకి మోసినంత భద్రత.

నాలుగో మెట్టు: తూము ఎత్తడం

మీ మెయిలు పాప్ పద్ధతిలో వస్తుంటే, సర్వర్‌లో ఒక కాపీ ఉంచమనే గడి సెట్టింగుల్లో ఎక్కడో ఉంటుంది. అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లో అది ముందునుంచే ఖాళీగా ఉంటుంది. అలాగే ఉండనివ్వండి. తూము ఎత్తగానే చెరువు నీళ్లన్నీ మీ మడిలోకి వచ్చేస్తాయి. రేపు మడిగట్టు తెగితే చెరువు దగ్గర చుక్క కూడా మిగలదు.

ఐమ్యాప్ పద్ధతి వేరు. నీళ్లు చెరువులోనే ఉంటాయి, మీరు చూసుకుంటారు, వాడుకుంటారు. అదే బ్యాకప్ అని నమ్మండి. ఇక్కడ పారబోస్తే అక్కడా పారబోసినట్టేనన్న సంగతి తర్వాత తెలుస్తుంది.

ఐదో మెట్టు: పేర్ల మీద నమ్మకం

అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్, అవుట్‌లుక్ ఒకటేనని గట్టిగా నమ్మండి. ఎల్లారెడ్డి పోవాల్సినవాడు ఎల్లారెడ్డిపేట బస్సెక్కితే సిరిసిల్ల దిక్కు తేలినట్టు, మీరూ ఎక్కడో ఒకచోట తేలతారు. మొదటిది డీబీఎక్స్ ఫైళ్లలో దాస్తుంది, రెండోది పీఎస్‌టీలో. విండోస్ 7 వచ్చేసరికి దాంతోపాటు మెయిలు ప్రోగ్రామే ఇవ్వలేదు. కొత్త కంప్యూటర్ తెరిచి "అవుట్‌లుక్ ఏదిరా?" అని మామ కేకేసింది అందుకే.

దారి లేకపోలేదు. పాత డబ్బాలోనే థండర్‌బర్డ్ వేసి, దాంట్లోకి మెయిళ్లను దిగుమతి చేసుకుని, ఆ ప్రోగ్రామును మూసి, దాని ప్రొఫైల్ ఫోల్డరును కొత్తదాంట్లోకి మోసుకుపోవచ్చు. ఎక్స్‌పీ మీద నడిచే ఆఖరి థండర్‌బర్డ్ 52వది. పోగొట్టుకోవాలని పట్టుదలగా ఉన్నవాళ్లు మాత్రం ప్రోగ్రాము తెరిచి ఉంచి, మెయిళ్లు దిగుతుండగానే కాపీ చేయాలి.

ఆరో మెట్టు: పూడికతీత

ఇది ప్రధానమైన మెట్టు. కాపీ తీయకముందే శుభ్రం చేయడం మొదలుపెట్టండి.

మా ఊరివాళ్లకు పూడిక గురించి ఒకరు చెప్పనక్కర్లేదు. మంజీర మీద నిజాంసాగర్ కట్ట పని 1923లో మొదలై 1931లో ముగిసింది. కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కట్టిననాడు 29 టీఎంసీలకు పైగా పట్టేది. నలభై ఏళ్లు దాటేసరికి మంజీర తెచ్చిన మట్టి సగానికిపైగా మింగేసి, 12 టీఎంసీల లోపే మిగిల్చింది. అప్పుడు గేట్ల ఎత్తు పెంచితే 17.8 టీఎంసీలకు వచ్చింది. మెయిలు కంపెనీలదీ ఇదే వరస. అవుట్‌లుక్ పీఎస్‌టీకి మొదట 2 జీబీ హద్దు, 2003లో 20, 2010లో 50. పూడిక అట్లాగే ఉంది, గేట్లు లేస్తున్నాయి.

మెయిలును తొలగిస్తే అది ఫైల్లోంచి అప్పటికప్పుడు పోదు. ఆ చోటు ఖాళీ అని గుర్తు మాత్రం పడుతుంది. ఆ ఖాళీలన్నీ పిండి ఫైలును చిన్నది చేసే పనిని కాంపాక్ట్ అంటారు. సర్వీస్ ప్యాక్ 2 వేసిన ఎక్స్‌పీలో అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌ను వందసార్లు మూస్తే, కాంపాక్ట్ చేయనా అని అదే అడుగుతుంది. సరేననండి. అది పని చేస్తుండగా స్విచ్చి కట్టేస్తే మరీ మంచిది. తొలగించినవాటితో పాటు తొలగించనివి కూడా పోతాయి.

ఏడో మెట్టు: పైవాడి దయ

ఇదంతా ఎందుకు, అన్నీ క్లౌడ్‌లో ఉన్నాయిగా అనండి. ఎగువన సింగూరు కట్టినప్పటినుంచి మాకెన్ని నీళ్లొస్తాయో పై గేట్లవాళ్లకే ఎరుక. కార్తె రాగానే కాలువ కింది రైతు పైకి చూస్తాడు. మీరూ చూస్తుండండి. పాస్‌వర్డ్ అడిగితే, ఇన్నేళ్లూ దాన్ని చుక్కల చాటున కంప్యూటరే గుర్తుపెట్టుకుందని చెప్పండి.

ఫలితం

ఇన్ని మెట్లెక్కాక మామ మెయిళ్లు పోవాలి. ఒకటి పోయింది కూడా. కొడుకు మస్కట్ నుంచి రాసిన మొట్టమొదటి మెయిలు. ఇన్‌బాక్స్ నిండిందని ఓ మధ్యాహ్నం లాటరీ మెయిళ్లన్నీ గంపగుత్తగా ఎంచి కొట్టేసిన మామ, వాటితో పాటు దాన్నీ కొట్టేశాడు. ఆపైన చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు.

నేను వెళ్లినప్పుడు చేసింది ఒక్కటే తెలివైన పని. దేన్నీ శుభ్రం చేయకుండా, ఆ బారెడు పేరున్న ఫోల్డరును మట్టితో సహా రెండు చోట్లకు కాపీ చేశాను. తర్వాత ఒక కాపీ మీద డీబీఎక్స్ ఫైళ్లను తవ్వే చిన్న ప్రోగ్రాము నడిపితే, పూడిక అడుగునుంచి ఒక్కొక్కటే లేచాయి. లాటరీలు, నైజీరియా యువరాజులు, మధ్యలో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: బాపూ, రూం దొరికింది, ఏసీ ఉంది, నువ్వు బుగులు పడకు.

ఆరో మెట్టు దగ్గర మామ కాలు జారిందన్నమాట. కాంపాక్ట్ చేయనా అని అడిగిన ప్రతిసారీ వద్దనే కొట్టాడట.

"ఎందుకు మామా?"

"ఇంగ్లీషుల ఏమన్న అడిగితే వద్దనుడే మంచిదిరా అల్లుడా."

సరే, ఇకనుంచైనా ప్రతిదానికీ ఇంకో కాపీ ఉంచుకోమని పాఠం మొదలుపెట్టాను. మామకు కోపమొచ్చింది. "పొద్దుగాల లేస్తే ఊరందరికి కాపీలు తీసేటోన్ని, నాకు నేర్పుతవా?" అంటూ ఆ మెయిలును ప్రింటు తీసి, మిషను మూత ఎత్తి, కాగితం బోర్లించి, రెండు అన్న అంకె నొక్కాడు.