సూరత్‌లో పచ్చ కాఫీ

సూరత్‌లో కాఫీ అడిగిన తెలుగువాణ్ని జనం జాలిగా చూస్తారు. ఈ ఊరు పొద్దున్నే లోచో తిని చాయ్ తాగుతుంది. రాత్రయితే పిల్లాజెల్లాతో బండెక్కి కోల్డ్ కోకో తాగడానికి బయల్దేరుతుంది. మధ్యలో కాఫీ దూరడానికి సందేదీ? లింబాయత్‌లో స్థిరపడ్డ తెలంగాణ పద్మశాలీలను అడిగినా, ‘‘కాఫీ ఏడికెల్లి వస్తదన్నా, చాయ్ తాగు’’ అంటారు.

కాఫీ పడందే కళ్లు తెరుచుకోని కోస్తావాడు అంత తేలిగ్గా వదలడు. ఫోన్‌లో వెతికి, వేసూ వైపు ఓ పర్యావరణహిత కాఫీ దుకాణాన్ని పట్టేస్తాడు.

లోపల అంతా పచ్చదనమే. పాత చెక్క బల్లలు, జనపనార దీపాలు, భూమిని కాపాడమని గోడ మీద వేడుకోలు. ఏసీ మాత్రం ఆ భూమికే చలిజ్వరం వచ్చేలా వేసి ఉంటుంది. మెనూ అచ్చేసింది విత్తనాల కాగితం మీద. చదివాక మట్టిలో పాతిపెట్టొచ్చట. ధరలు చూశాక మనవాడికి ఆ పని వెంటనే చేసేయాలనిపిస్తుంది.

‘‘అరకు గింజలు ఉన్నాయి సర్.’’

ఆ ఒక్క మాటతో కరిగిపోతాడు. 2017లో పారిస్‌లో దుకాణం తెరిచిన కాఫీ, 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన కాఫీ! మన కొండ మీది గింజకు మనమే ఇంత కట్టాలా అని గొణుక్కుంటూనే తెమ్మంటాడు.

వచ్చింది కాగితం కప్పులో.

ఇక్కడే అసలు తమాషా. కాగితం కప్పు కారకుండా ఉండేది సాధారణంగా లోపలి పల్చటి ప్లాస్టిక్ పొర వల్లే. అందులో 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం పోసి పావుగంట ఉంచితే, సుమారు 25,000 ప్లాస్టిక్ రేణువులు అందులో చేరతాయని ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు లెక్కగట్టారు. ప్లాస్టిక్ స్ట్రాలను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు కనుక, పక్క బల్ల మీది చల్లకాఫీలో కాగితం స్ట్రా అప్పటికే నడుం వాల్చింది.

నిజానికి సూరత్‌కు కాఫీ కొత్తేమీ కాదు. ఇక్కడి ఓడలు గుడ్డలు మోసుకుని ఎర్రసముద్రం మీది మోఖాకు వెళ్లేవి. కాఫీ రేవంటే ఆ రోజుల్లో అదే. ఇంగ్లండ్ రాయబారి సర్ థామస్ రో వెంట ఉన్న మతగురువు ఎడ్వర్డ్ టెర్రీ 1616లో సూరత్ రేవులో దిగాడు. మద్యం ముట్టని నిష్ఠాపరులు నల్లగింజల కషాయం తాగుతున్నారని తన పుస్తకంలో రాసుకున్నాడు. లండన్‌లో తొలి కాఫీ అంగడి వెలిసింది 1652లో! ఆ కషాయం తాగిన వాళ్లకు కాగితం కప్పు అక్కర్లేకపోయింది.

శుభ్రత గురించి సూరత్‌కు చెప్పబోవడం కూడా సాహసమే. 1994 ప్లేగుకు జనం ఊరొదిలి పారిపోయారు. మరుసటి ఏడాది మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన మన సూర్యదేవర రామచంద్రరావు రాత్రిళ్లు వీధులూడ్పించి, చెత్త వేసినవాళ్లకు జరిమానాలు వేయించి ఊరి రూపే మార్చేశారు. స్వచ్ఛ సర్వేక్షణ్ 2023లో ఇండోర్‌తో కలిసి సూరత్ మొదటి స్థానంలో నిలిచింది. ఇందులో వెదురు చెంచాల పాత్ర ఏమీ లేదు.

కాబట్టి సూరత్ వెళ్లేవారికి ఓ విన్నపం: సంచిలో ఇంటి స్టీలు గ్లాసు పెట్టుకెళ్లండి, కాఫీ అందులో పోయమనండి. కుదరదంటే రోడ్డు దాటి బండి దగ్గర అరకప్పు చాయ్ అడగండి, గాజు గ్లాసులో ఇమ్మనండి.