ఎనిమిది అధ్యాయాల దూరం

డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిశాక మా సంఘంలో వాగ్దాన కార్డులు పంచుతారు. పళ్ళెంలో బోర్లించిన కార్డుల్లోంచి కళ్ళు మూసుకుని ఒకటి తీసుకోవాలి. ఏ వాక్యం వస్తే ఏడాదంతా అదే మనకి ఆధారం. ఈసారి మా ఆవిడకి ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయం వచ్చింది: గంపకీ, పిండి పిసికే తొట్టికీ దీవెన. మా అబ్బాయికి అదే అధ్యాయంలోంచి, తోక కాకుండా తల అయ్యే భాగ్యం. నాకు పేతురు రాసిన మొదటి పత్రిక 1:15-16. దేవుడు పరిశుద్ధుడు కాబట్టి నేను కూడా బతుకు మొత్తం అలాగే బతికి తీరాలట.

అందరికీ వాగ్దానం వస్తే నాకు డ్యూటీ పడింది.

మార్చుకుందామా అన్నట్టు ఆవిడ వంక చూశాను. గంపా తొట్టీ అప్పటికే హ్యాండ్‌బ్యాగులో చేరి, జిప్పు కూడా పడిపోయింది.

సీతాఫల్‌మండిలో ఇల్లు, రైల్వేలో ఉద్యోగం, రిటైరై మూడేళ్ళు. డ్యూటీ పడితే ఎందుకని అడిగే అలవాటు నాకు లేదు. జనవరి 1 పొద్దున్నే చార్జి తీసుకున్నాను.

హీబ్రూలో పరిశుద్ధుణ్ణి కదోష్ అంటారనీ, ఆ మాటలో వేరుచేసి పెట్టడమనే అర్థం ఉందనీ అయ్యగారు ఎన్నోసార్లు చెప్పారు. సరే, వేరుపడటంతోనే మొదలుపెట్టాను. నాకంటూ ఒక స్టీలు కంచం, ఒక గ్లాసు, ఒక కుర్చీ ప్రత్యేకించుకున్నాను.

"మంచిదండీ. ప్రత్యేకించుకున్న కంచం ప్రత్యేకంగా మీరే కడుక్కోండి" అంది మా ఆవిడ.

ఆ కంచం పరిశుద్ధత మూడు రోజులు నిలిచింది.

తరవాత బట్టల మీద పడ్డాను. మా నాయనమ్మ ఏటా గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గర హెబ్రోనులో బక్త్‌సింగ్ గారు జరిపే పరిశుద్ధ సమ్మేళనాలకి వెళ్ళేది. పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, ఇంజనీరింగు చదువుకుని, 1929లో కెనడాలో ఉండగా క్రీస్తుని నమ్ముకుని, 1933లో దేశానికి తిరిగొచ్చిన మనిషి ఆయన. 2000 సెప్టెంబరు 17న ఈ హైదరాబాదులోనే కన్నుమూశారు. నాయనమ్మ చెప్పిన కబుర్లలో నాకు బాగా గుర్తుండిపోయింది తెల్లబట్టలు. వెంటనే రెండు జతల తెల్ల లాల్చీ పైజమాలు కుట్టించాను. మొదటి రోజే ఒకదాని మీద పప్పుచారు ఒలికింది. ఉతికేది నేను కాదు, పనామె. అందుకని తెలుపు మీద నా విశ్వాసం చెక్కుచెదరలేదు.

అంతలో సంక్రాంతి వచ్చింది. మేడమీద వాళ్ళావిడ పళ్ళెం నిండా సకినాలు తెచ్చింది. మామూలుగా అయితే పళ్ళెం గుమ్మం దాటకముందే అందుకునేవాణ్ణి. ఈ ఏడు డ్యూటీలో ఉన్నాను కదా. ఆవిడ వెళ్ళాక గొంతు సవరించుకుని, ఇది ప్రసాదమా, పిండివంటా, ప్రసాదమైతే విశ్వాసి ముట్టవచ్చా అని పావుగంట మాట్లాడాను. మా ఆవిడ విన్నంతసేపూ వింటూనే నాలుగు సకినాలు తినేసి, మిగతావి డబ్బాలో పెట్టి మూత బిగించింది. వడ్డించినదాన్ని మనస్సాక్షి పేరుతో ఆరా తీయకుండా తినమని కొరింథీయులకి పౌలు రాసిన సంగతి ఆవిడకి తెలుసు. సండే స్కూల్లో ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెప్పే మనిషి.

రాత్రి పదకొండున్నరకి వంటింట్లోకి వెళ్ళాను. లైటు వెయ్యలేదు. మూత చప్పుడు కాకుండా తీయడం వచ్చు. కానీ సకినాన్ని చప్పుడు కాకుండా కొరకడం భూమ్మీద ఎవడికీ రాదు. మొదటిది విరిగిన చప్పుడుకే పడగ్గదిలోంచి గొంతు వినిపించింది: "ప్రసాదమా అండీ, పిండివంటేనా?"

నేను తొణకలేదు. చేసిన తప్పు అర్థమైంది: ఊరికే వేరుపడితే చాలదు, ఆధారం కావాలి. పేతురు తన మాటకి ముందు, ఇలా రాసి ఉంది అంటాడు. ఎక్కడ రాసి ఉందో వెతుకుతూ వెళితే లేవీయకాండం 11వ అధ్యాయం దొరికింది. అక్కడ పరిశుద్ధత అంతా వంటింటి జాబితాలా ఉంది. ఏది తినాలో, ఏది తినకూడదో వరసగా చెప్పారు. నా ప్రాణం లేచి వచ్చింది. గుమస్తాకి పట్టిక దొరకడం కంటే దీవెన ఏముంటుంది? రెక్కలూ పొలుసులూ లేని నీటి జీవులు నిషిద్ధం. అంటే రొయ్యలు బంద్.

మా ఆవిడది నరసాపురం. రొయ్యలు లేని ఆదివారం ఆవిడ లెక్కలో శనివారమే. నా ఉత్తర్వు విని, ఒలుస్తున్న రొయ్యని గిన్నెలో వేసి, నెమ్మదిగా అడిగింది.

"మీ కార్డు ఎవరి పత్రికలోదండీ?"

"పేతురుది."

"యొప్పేలో మేడమీద ఆకలేసి కూర్చుంటే ఆకాశంలోంచి దుప్పటి దిగింది చూడండి, అన్ని రకాల జంతువులతో... ఆయనెవరు?"

నేను మాట్లాడలేదు.

"ఆ పేతురే. ఆయనకే లేని బాధ మీకెందుకు? పదకొండు దగ్గర ఆగిపోయారు, ఇంకో ఎనిమిది అధ్యాయాలు ముందుకెళ్ళండి. ఆ మాట అక్కడ కూడా ఉంది." ఇలా అని మళ్ళీ రొయ్య అందుకుంది.

చదువుదాంలే అనుకున్నాను. అప్పటికి నాకు వాకింగ్ టైమయింది.

మా ఇంటి నుంచి యూనివర్సిటీ క్యాంపస్ దగ్గరే. సాయంత్రాలు ఆర్ట్స్ కాలేజీ ఎదుట తార్నాక నుంచీ, వారాసిగూడ నుంచీ వచ్చిన రిటైర్డు మనుషులం కలుస్తాం. 1939లో తలుపులు తెరిచినప్పటి నుంచీ ఆ రాతి భవనం ఎన్నో ఉపన్యాసాలు విని ఉంటుంది. మా సంఘం సంగతులు మాత్రం పూర్తిగా నా నోటనే విన్నది. కబుర్లు చెప్పడం పరిశుద్ధతకి తగదు కదా, అందుకని నేను ప్రార్థన విన్నపాలు చెబుతాను. ఫలానా వారి అబ్బాయి కోసం ప్రార్థించండి బ్రదర్ అంటాను. ఎందుకని వాళ్ళు అడుగుతారు. ఎందుకో తెలియకుండా ఎలా ప్రార్థిస్తారు? కాబట్టి అమ్మాయి ఎవరో, ఏ ఊరో, ఎన్నాళ్ళ నుంచో అన్నీ చెప్పాల్సి వస్తుంది. ఆ రోజు ముగ్గురి కోసం అలా భారంగా విన్నవించి ఇంటికొచ్చాను. ప్రార్థన చెయ్యడమొక్కటే మరిచిపోయాను.

ఫిబ్రవరి 9న అసలు సంగతి జరిగింది.

నాకు పెన్షను నెలాఖరుకే పడుతుంది. ఒకటో తారీఖున స్నానం చేసి, తెల్ల లాల్చీ వేసుకుని, దశమభాగం రూపాయితో సహా లెక్కగట్టి కవరులో పెడతాను. ఇందులో ఏ నెలా తప్పింది లేదు. పనామె జీతం మాత్రం వారం దాటాక ఇస్తాను. కారణమేమీ లేదు. ఎల్లుండి చూద్దాంలే అంటాను, అంతే. ఆ రోజు కవరు బల్ల మీద ఉంది. ఆదివారం పొరపాటున మందిరానికి తీసుకెళ్ళడం మరిచాను. ఇల్లు తుడుస్తూ పనామె దాన్ని చూసింది.

"గిది ఎవరికి సార్?"

"దేవుడికమ్మా. ఒకటో తారీఖే తీసి పెట్టేస్తాను" అన్నాను, కొంచెం గొప్పగానే.

ఆమె గుడ్డ పిండుకుంటూ మామూలుగా అడిగింది: "దేవునికి ఇంటికిరాయి కట్టేదుందా సార్?"

ఎత్తిపొడుపు కాదది. ఆమెకి నిజంగానే ఐదో తారీఖు దాటితే ఇంటి ఓనరు వచ్చి గుమ్మంలో నిలబడతాడట. ఈ మూడేళ్ళలో నేను ఒక్కసారీ అడగలేదు కాబట్టి ఆమె చెప్పలేదు.

ఆ రాత్రి ఎనిమిది అధ్యాయాలు దాటి లేవీయకాండం 19 తెరిచాను. రెండో వచనంలోనే నా డ్యూటీ ఆర్డరు కనిపించింది. దాని కింద వివరాలున్నాయి. పొలం కోసేటప్పుడు అంచులు బీదవాళ్ళకి వదిలేయాలట. కొండెములు మోసుకు తిరగకూడదట. అది 16వ వచనం, చదువుతుంటే ఆర్ట్స్ కాలేజీ మెట్లు కళ్ళముందు కదిలాయి. తూకం సరిగా ఉండాలట. అది 35, 36. నిన్ననే మా మార్కెట్లో కూరగాయలామె కాంటా వైపు అనుమానంగా చూస్తూ, ఆమె చూడకుండా నాలుగు పచ్చిమిరపకాయలు సంచిలో వేసుకున్నాను. ఇక 13వ వచనం. కూలివాడి కూలి తెల్లవారేదాకా నీ దగ్గర అట్టిపెట్టుకోవద్దని. తెల్లవారేదాకానే. నావి తొమ్మిది తెల్లవార్లు.

తప్పించుకునే దారి వెతకలేదని చెప్పను. రెండు రకాల దారం కలిసిన బట్ట కట్టొద్దని 19వ వచనంలో ఉంది. నా బీరువా నిండా టెరికాటనే. ఇవన్నీ పాటించడం ఎవరి తరమని ఆవిడకి చూపించాను.

"టెరికాటన్ సంగతి తీరిగ్గా చూద్దాం. ముందు పనామె సంగతి చూడండి" అంది.

నెరిసిన తల ఎదుట లేచి నిలబడాలన్న 32వ వచనం ఒక్కటే నాకు సంపూర్ణంగా నచ్చింది. ఎర్ర గీత గీసి మా అబ్బాయికి చూపించాను. వాడు లేచి నిలబడి, టీవీ రిమోట్ పట్టుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయాడు.

అప్పుడు నాయనమ్మ మళ్ళీ గుర్తొచ్చింది. తెల్లబట్టల గురించి ఆవిడ చెప్పింది ఒక్క ముక్క. ఎక్కువసార్లు చెప్పింది భోజనాల గురించి. నేల మీద చాపలు, వరసగా కూర్చున్న జనం, పక్కన ఉన్నది ఏ ఊరో ఏ కులమో అడగకుండా అందరికీ అదే అన్నం, అదే కూర. మన ఊళ్ళో మన పక్కన కూర్చోని వాళ్ళు అక్కడ కూర్చున్నారు అనేది. ఆ సమ్మేళనానికి పరిశుద్ధ అనే పేరు ఎందుకొచ్చిందో ఆవిడకి తెలుసు. నేను వేరుపడ్డాననుకున్నది మనుషుల నుంచి. వేరుపడాల్సింది నా పిసినారితనం నుంచి, నా నోటి నుంచి.

మా పేట పేరులో ఉన్న సీతాఫలం పైకి గరుకు, లోపల తెలుపు. నేను దాన్ని తిరగేసిన సరుకునని రుజువైంది.

పొద్దున్నే జీతం ఇచ్చాను. మూడేళ్ళ ఆలస్యానికి అంటూ ఇంకొంత కలిపాను. అది గొప్పగా చెప్పబోతుంటే మా ఆవిడ కళ్ళతోనే ఆపేసింది. మార్చి నుంచి రెండు కవర్లు ఒకే రోజు తయారవుతున్నాయి, ముందు పనామెది, తరవాత దేవుడిది. మిరపకాయలామెకి ఇంకా చెప్పలేదు. ఆమె దగ్గర మాత్రం కొసరు అడగడం మానేశాను.

ఇవాళ తారీఖెంత? మీ ఇంట్లో పనిచేసే ఆమెకి జీతం ఇచ్చేశారా? ఇవ్వకపోతే పత్రిక పక్కన పెట్టి లేవండి.