నేను ఉమ్మెత్తను

ఊరి చివర పెంటకుప్ప పక్కన మొలిచాను. నన్నెవరూ నాటలేదు, చెంబెడు నీళ్ళు పోయలేదు. వంగ, మిరప, టమాటా, పొగాకు నా చుట్టాలే. వాటికి మడీ, ఎరువూ, కాపలా. నాకు మాత్రం “దాని జోలికి పోకండి” అన్న మాట. ఆ మాట నిజమే, కాదనను.

పగలు ముడుచుకుని ఉండే నా మొగ్గ పొద్దుగూకాక మెలిక విప్పుకుంటుంది. మడిచిన గొడుగు విచ్చినట్టు, జానెడుకు కాస్త తక్కువ పొడవున తెల్లటి గరాటు విచ్చుకుంటుంది. ఆ వాసనకు చీకట్లో చిమ్మటలు వస్తాయి. పువ్వు రాలితే ముళ్ళకాయ, అది పగిలితే మిరపగింజల్లాంటి గింజలు. ఆ పోలికే ప్రమాదం.

ఆవు నన్ను వాసన చూసి తల తిప్పుకుపోతుంది. ఆకు మొదలు వేరు దాకా నాలో అట్రోపిన్, స్కోపొలమిన్, హయోసయమిన్ ఉన్నాయి. తిన్నవారికి నోరు పిడచగడుతుంది. కంటిపాపలు పెద్దవై వెలుగు చూడలేరు. ఒళ్ళు కాలిపోతుంది, గుండె దడదడలాడుతుంది. లేని మనుషులతో మాట్లాడతారు. ప్రాణం కూడా పోవచ్చు.

నా గుణం ఒంట్లో చెమ్మను ఎండబెట్టడం. 1831లో జర్మనీలో మైన్ అనే ఫార్మసిస్టు యూరప్‌లోని నా చుట్టం బెల్లడోనా నుంచి అట్రోపిన్‌ను శుద్ధంగా వేరుచేశాడు. ఇవాళ గాలికెదురుగా పురుగుమందు కొట్టి పడిపోయిన రైతును ఆస్పత్రికి తెస్తే నోట నురగ, ఊపిరితిత్తుల నిండా చెమ్మ, గుండుసూది మొనంత కంటిపాపలు. అది ఆర్గానోఫాస్ఫేట్ మందైతే డాక్టరు అట్రోపిన్ ఎక్కిస్తారు. నురగ ఆరుతుంది, ఊపిరి తేలికవుతుంది, నెమ్మదించిన గుండె మళ్ళీ పుంజుకుంటుంది. తిన్నవాడి ప్రాణం తీసే గుణమే అక్కడ ప్రాణం నిలుపుతుంది.

తేడా అంతా కొలతలోనే ఉంది. నా ఒక్కో ఆకులో విషం ఒక్కోలా ఉంటుంది. నాటువైద్యమని నన్ను నూరి తాగితే ఆ కొలత చెప్పేవారెవరు? అందుకే వేడుకుంటున్నాను, నన్ను నోటిదాకా తీసుకెళ్ళకండి.

వినాయక చవితి 21 పత్రుల్లో నేనూ ఒకదాన్ని. మొన్న చవితికి ఒక మామ్మ మనవణ్ణి వెంటబెట్టుకొచ్చింది. నాకు దణ్ణం పెట్టి నాలుగాకులు తుంపి వాడి చేతికిచ్చింది. వాడు కళ్ళు నలుపుకోబోతే చెయ్యి పట్టుకుని, “ఒరేయ్, దేవుడికిచ్చే పత్రే గానీ కంటికి తగలకూడదురా, రా చేతులు కడుగుతాను” అంటూ బోరింగు దగ్గరికి తీసుకెళ్ళింది. మొక్కడమూ, చేతులు కడగడమూ, ఆ మామ్మకు రెండూ తెలుసు.