ఎన్ని లీటర్ల మనిషి?

చెన్నైలో మంచు కావాలంటే చెరకురసం బండి దగ్గరికన్నా వెళ్లాలి, ఈసీఆర్ మీద వీజీపీ వాళ్ల స్నో పార్కుకన్నా వెళ్లాలి. అయినా వేళచ్చేరిలో కాపురముండే నెల్లూరు ఆసామికి స్నోబోర్డు మీద మనసు పడింది. నిలబెడితే గడ్డానికీ ముక్కుకీ మధ్యకొచ్చే బోర్డు తీసుకోవాలని చదివి, హాల్లో చీపురు నిలబెట్టి కొలుచుకోవడం కూడా అయింది. గుల్మార్గ్ ఖర్చు లెక్కేసిన ఇల్లాలు మాత్రం, "ముందు కోవళం వెళ్లి రండి, అక్కడ నీళ్లు ఊరికే ఉన్నాయి" అంది.

ఆవిడ మాటలో చరిత్ర ఉంది. 1965లో అమెరికాలోని మిషిగన్‌లో షెర్మన్ పాపెన్ అనే ఇంజినీరు కూతుళ్ల ఆటకోసం రెండు స్కీలు కలిపి బిగించాడు. స్నో, సర్ఫర్ కలిపి దానికి ‘స్నర్ఫర్’ అని పేరు పెట్టింది ఆయన భార్యే. దాన్నుంచి పుట్టిన స్నోబోర్డుకి అమ్మమ్మగారిల్లు సముద్రమే.

కోవళం చెన్నైకి దక్షిణాన నలభై కిలోమీటర్లు. మూర్తి మేగవన్ లాంటి జాలర్లు సర్ఫింగ్ నేర్పి పేరు తెచ్చిన ఊరు. మనవాడు అక్కడికి వట్టి చేతులతో వెళ్లలేదు. ఆన్‌లైన్‌లో కొన్న సర్ఫింగ్ మైనం స్కూటర్ డిక్కీలో పెట్టాడు. అది చన్నీళ్లకి చేసిన మెత్తటి మైనం. షోళింగనల్లూరు దాటేసరికి కరిగి, ఆర్సీ బుక్కుకి నెయ్యిలా పట్టింది. తీరా చూస్తే, నేర్చుకునేవాళ్లకిచ్చే స్పాంజి బోర్డుకి మైనంతో పనే లేదట.

అతని కన్ను ఆరడుగుల సన్న బోర్డు మీద పడింది. నేర్పే కుర్రాడు అడ్డొచ్చాడు.

"వెయిట్ ఎంత సార్?"

"డెబ్బై రెండు, తంబీ."

అది పెళ్లినాటి లెక్క. కుర్రాడు ఒకసారి పొట్టవైపు చూసి, మాట్లాడకుండా తొమ్మిదడుగుల నీలం బోర్డు లాగాడు. కొత్తవాళ్లకి కిలోకి ఒక లీటరైనా ఘనపరిమాణం ఉండాలి. ఆ సన్నదాంట్లో ముప్పై లీటర్లుంటే గొప్ప. ఎత్తు గురించి అబద్ధమాడినా చెల్లుతుందేమో, బరువు గురించి ఆడితే బోర్డే మునిగి సాక్ష్యం చెబుతుంది.

బోర్డు మీద ఏ కాలు ముందుండాలో తేల్చడానికి వెనకనుంచి హఠాత్తుగా తోస్తారు. తూలి ఏ కాలు ముందుకేస్తే అదే. ఈ పరీక్ష ఇంటిదగ్గర ఇల్లాలు ఉత్సాహంగా నాలుగుసార్లు చేసింది. కుడికాలే ముందుకొచ్చింది. అలాంటివాళ్లని సర్ఫింగ్ భాషలో ‘గూఫీ’ అంటారని తెలిసి ఇంకోసారి తోసింది.

బోర్డంత పొడవు తాడు వెనక కాలి చీలమండకి కట్టుకున్నాడు. వెట్‌సూట్ అడిగితే, ఈ ఎండకి అందులో ఉడికిపోతారన్నాడు కుర్రాడు. స్పాంజి ఒరుసుకుని పొట్ట చెక్కుకుపోకుండా పొడుగుచేతుల రాష్‌గార్డు చాలు.

పదకొండోసారి నిలబడ్డాడు. మూడు సెకన్లు. ఒడ్డుకొచ్చి ఉప్పునీళ్లు ఉమ్ముతూ, "ఇక ఆ ఆరడుగులది ఇవ్వచ్చుగా" అన్నాడు.

"ఇస్తాను సార్. ముందు ఆ డెబ్బై రెండుకి రండి."