టికెట్టు లేని మ్యూజియం

చరిత్రను కాపాడటంలో మన పాలకులను మించినవాళ్ళు ఈ భూమ్మీద లేరంటే కొందరు నవ్వుతారు. అలా నవ్వేవాళ్ళు ఒకసారి మార్కాపురం రావాలి. పలకరాతి గనుల పక్కన పేరుకున్న ముక్కరాయి గుట్టల మధ్య కాసేపు నడిస్తే నవ్వు దానంతటదే ఆగిపోతుంది.

పాపం, పాశ్చాత్యులకు ఈ విద్య బొత్తిగా అబ్బలేదు. వేల్స్ దేశంలో లాన్‌బెరిస్ అనే ఊరి దగ్గర డినోర్విక్ అనే పలకరాతి గని 1969లో మూతపడింది. మూతపడితే పడిందని ఊరుకోవచ్చు కదా! 1972 కల్లా దాని వర్క్‌షాపులనే మ్యూజియం చేసి కూర్చున్నారు. ఉలితో రాయిని రేకులుగా ఎలా చీలుస్తారో చూపించడానికి పనివాళ్ళను కూడా పెట్టారు. అక్కడికీ తనివి తీరక 2021లో ఆ గనుల సీమ మొత్తాన్నీ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కించారు. అమెరికావాళ్ళూ ఆ తానులో ముక్కలే. మెరిమాక్ నది ఒడ్డున లోవెల్ ఊళ్ళో బట్టల మిల్లులు మూతపడితే 1978లో ఆ ఊరిని జాతీయ చారిత్రక పార్కుగా ప్రకటించి, పాత మరమగ్గాలను జనానికి తిప్పి చూపిస్తున్నారు. ఎంత దుబారా!

మన ఏలినవారు అలాంటి అమాయకులు కారు. గుండ్లకమ్మ తీరాన మార్కాపురంలో వారు నడుపుతున్న చారిత్రక పార్కుకు గోడ లేదు, గేటు లేదు, టికెట్టు లేదు. ఇది ఫలానా అని చెప్పే బోర్డు పెట్టి సందర్శకుడి ఊహాశక్తిని అవమానించడం అసలే లేదు. వంద కోట్ల ఏళ్ళకు పైబడిన రాయి ఇది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాతిపొరలకు దగ్గర్లోని కంభం ఊరి పేరే పెట్టుకున్నారు. అంత వయసున్న రాయికి అయిదేళ్ళకోసారి వచ్చిపోయే మనం కాపలా ఏమిటన్న వినయం మన నాయకులది.

ఒకప్పుడు తెలుగునాట అక్షరాలు దిద్దిన చేతుల్లో ఎన్నింటికో మార్కాపురం పలక తెలుసు. గనిలో తీసిన రాతిదిమ్మను కూలి మనిషి నిలబెట్టి, పొర కనిపెట్టి, అంచున ఉలి ఆనించి సుత్తితో మెల్లగా తడతాడు. గట్టిగా కొడితే రాయి ముక్కలవుతుంది. పొర దొరికితే పుస్తకం తెరిచినట్టు రెండుగా విడిపోతుంది. విడిపోయిన రేకును కొలతకు కోసి, అరగదీసి, చెక్క చట్రం బిగిస్తే పలక. దాన్ని ఆకుపసరూ బొగ్గూ కలిపి రుద్ది నల్లగా చేసుకోవడం పిల్లల వంతు. పొర ఎక్కడుందో చేతికి తెలియాలే తప్ప ఏ పుస్తకమూ నేర్పదు. అందుకే కాబోలు, ఆ నేర్పును ఎక్కడా రాసిపెట్టలేదు, ఎవరిచేతా నేర్పించలేదు. నేర్చినవాళ్ళు ఒక్కొక్కరే కన్నుమూస్తున్నా మనవాళ్ళు ఏమాత్రం చలించకపోవడం స్థితప్రజ్ఞత కాక మరేమిటి?

పిల్లల చదువు మీద మనకున్న మమకారాన్నీ ఇక్కడే చూడాలి. ఊరూరా పిల్లలు పలక మీద అ, ఆలు దిద్దడానికి మార్కాపురం పిల్లలు రాతిధూళి పీలుస్తూ ఆ పలకలు తయారుచేశారు. అక్షరానికి ఇంత దగ్గరగా బతికినవాళ్ళు ఇంకెవరున్నారు? 1987లో కేంద్రం జాతీయ బాలకార్మిక విధానం ప్రకటించింది. పిల్లల్ని పని మాన్పించి బడిలో వేసే ప్రాజెక్టులకు దేశంలో మొట్టమొదట ఎంపికైన కొద్ది చోట్లలో, శివకాశి అగ్గిపెట్టెల సరసన, ఫిరోజాబాదు గాజుల సరసన, మార్కాపురం పలకలకూ స్థానం దక్కింది. ఇంతటి జాతీయ గౌరవం పొందిన సంగతిని ఊళ్ళో ఏ గోడ మీదా రాయించుకోకపోవడం మన నిరాడంబరత.

తర్వాత నోటుపుస్తకాలు వచ్చాయి, ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. రాతిపలకకు గిరాకీ పడిపోయింది. గోడలకూ నేలకూ పరిచే డిజైన్ పలకలు చేసి విదేశాలకు పంపి కొన్నాళ్ళు నెట్టుకొచ్చారు. చివరికి ఎన్నో ఫ్యాక్టరీల తలుపులకు తాళాలు పడ్డాయి. ఆ తాళాలు తుప్పు పట్టకుండా చూడాలన్న వృథా ఖర్చు కూడా ఎవరూ పెట్టలేదు. పురావస్తువు సహజంగా పాతబడాలని తెలిసిన ప్రభుత్వాలు మనవి.

ఈ పార్కులో శాసనాల విభాగం ఒకటుంది. అది చూడకుండా వెళ్ళకండి. మార్కాపురం ఉన్న ఈ పశ్చిమ ప్రకాశం ప్రాంతపు గొంతు తడపవలసిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. 2004లో ఇంకో ముఖ్యమంత్రి మళ్ళీ కొబ్బరికాయ కొట్టారు. 2024 మార్చిలో మరో ముఖ్యమంత్రి రెండు సొరంగాలను జాతికి అంకితం చేశారు. నీళ్ళు మాత్రం అప్పటికీ పొలానికి చేరలేదు. రాతినేలలో రాయినే నాటి, రాయినే పెంచిన ఈ వ్యవసాయ పద్ధతిలో పార్టీల భేదం లేదు. ఈలోగా ఫ్లోరైడు నీళ్ళు తాగి వంగిన నడుములు ప్రజల వినయానికి నిదర్శనాలని ఏలినవారు భావిస్తే తప్పేముంది?

అదే గుండ్లకమ్మ వెంట కాస్త ఎగువకు పోతే కంభం చెరువు. రెండు కొండల సందులో ఏటికి అడ్డంగా కట్ట వేసి నిలిపిన నీళ్ళు. ఆ కట్ట ఎత్తు 57 అడుగులు. గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ విజయనగర రాజుల కాలంలో కట్టించిందని ప్రతీతి. పాపం, ఆమెకు శంకుస్థాపన కళ తెలియదు, చెరువు కట్టేసి ఊరుకుంది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీన్ని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాల్లో చేర్చింది. మనవాళ్ళు ఆ కబురు విని సంతోషించారు, పత్రికలు రాశాయి. చెరువు అడుగున పూడిక మాత్రం పొగడ్తలకు పొంగిపోకుండా ఉన్నచోటే ఉండిపోయింది. వారసత్వమన్నాక ఏదీ కదిలించకూడదు కదా!

చివరగా ఏలినవారికి ఒక్క విన్నపం. ఎవరో ఒక అధికారి పొరపాటున ఉత్సాహపడి, మూతపడ్డ పలకల ఫ్యాక్టరీల్లో ఒకదాన్ని బాగుచేయించవచ్చు. అందులో పాత ఉలులూ సుత్తులూ చట్రాలూ వరసగా పెట్టించి, పొర కనిపెట్టగల ముసలి పనివాడికి నెలజీతమిచ్చి, వారానికి రెండు బళ్ళ పిల్లల్ని పిలిపించవచ్చు. ఆ గదిలో ఒక గోడకు ఇక్కడ పనిచేసిన పిల్లల కథ రాయించవచ్చు. కంభం చెరువుకట్ట దాకా ఒక బస్సు కూడా నడిపించవచ్చు. దీనికంతా ఒక శిలాఫలకపు సభకయ్యే ఖర్చు చాలు. దయచేసి అలాంటి పని ఎవరినీ చేయనివ్వకండి. చేస్తే మీ గురించి మేము ఇంత గొప్పగా రాసుకోవడానికి ఏమీ మిగలదు.