ఖటోదరా ప్రొజెక్టర్ సాక్ష్యం

నేను ఎల్‌సీడీ ప్రొజెక్టర్‌ని. సూరత్‌లోని ఖటోదరాలో, సాంచెల (మరమగ్గాల) కార్ఖానా పై అంతస్తులో, తెలుగువాళ్లు ఆరాధనకు కూడుకునే గదిలో ఒక బల్ల మీద ఉంటాను. నా పొట్టలో మూడు చిన్న పలకలున్నాయి: ఎరుపు, పచ్చ, నీలం. దీపం వెలుతురు మూడుగా చీలి వాటి గుండా వెళ్లి, గాజు పట్టకంలో మళ్లీ ఒకటై ఎదుటి గోడ మీద పడుతుంది. కింద సాంచెలు ఆడుతున్నంతసేపూ నూలు నుసి మెట్లెక్కి పైకి వస్తూనే ఉంటుంది. అది ఫిల్టరుకు పట్టిందంటే నాకు గాలాడదు, వేడెక్కి ఆగిపోతాను. అందుకని కార్ఖానాలో పనిచేసే కుర్రాడొకడు రాత్రి పాళీకి దిగే ముందు ఫిల్టరు ఊడదీసి మెత్తటి బ్రష్షుతో దులిపి పెడతాడు.

ఇక్కడికి వచ్చేవాళ్లు ఒక్క సంఘంలో పుట్టినవాళ్లు కారు. పాలమూరు నుంచి వచ్చినవాళ్లు మెన్నొనైట్ బ్రదరెన్, నల్లగొండవాళ్లు బాప్టిస్టులు, మెదక్ వైపువాళ్లు సీఎస్ఐ. ఊళ్లో ఎవరి గుడి వారిది. ఇక్కడ అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు. పిల్లలు మాత్రం సూరత్‌లోనే పుట్టారు. కొందరు కార్పొరేషన్ తెలుగు బడిలో, ఎక్కువమంది గుజరాతీ, హిందీ బడుల్లో చదువుతున్నారు. పెద్దలకు బైబిలు ముందు చెవిన పడింది, పిల్లలకు ముందు కంట పడుతోంది. హాలీవుడ్ బైబిలు సినిమాల మీద మా గదిలో వచ్చే తగవంతా అక్కడే పుట్టింది.

సంఘ పెద్ద ఒకాయన ఉన్నాడు. ఏళ్ల తరబడి సాంచె నడిపి ఇప్పుడు మానేశాడు. ఆయన లెక్కలో సినిమా అంటేనే లోకసంబంధం. ఒక రోజు పాస్టరు గారిని నిలదీశాడు: “రేపు నేను మోకరిస్తే కండ్ల ముందటికి యేసయ్య వస్తడా, ఆ యాక్టరు వస్తడా? చెప్పుండ్రి.” ఆ మాట తేలిగ్గా కొట్టేయలేం. 1961 నాటి ‘కింగ్ ఆఫ్ కింగ్స్’లో యేసుగా వేసిన జెఫ్రీ హంటర్‌వి నీలి కళ్లు. ఆ కళ్లను గోడ మీద నిలపడానికి నా నీలం పలక ఎంత పనిచేయాలో నాకు తెలుసు. గలిలయలో వడ్రంగి ఇంట పెరిగిన యూదుడికి ఆ కళ్లెక్కడివి? 2004లో మెల్ గిబ్సన్ ‘ది ప్యాషన్ ఆఫ్ ది క్రైస్ట్’ తీసినప్పుడు జిమ్ కవీజెల్ నీలి కళ్లను కంప్యూటర్‌తో గోధుమ రంగుకు మార్చారు. 1959 నాటి ‘బెన్ హర్’లో విలియం వైలర్ అసలు క్రీస్తు ముఖమే చూపించలేదు. మా పెద్దాయన పూర్తిగా కూర్చుని చూసిన హాలీవుడ్ సినిమా అదొక్కటే.

పెద్ద గొడవ ‘నోవా’ రోజున జరిగింది. 2014లో డారెన్ అరొనాఫ్‌స్కీ తీసిన ఆ సినిమాను కుర్రాళ్లు తెచ్చారు. రాతి శరీరాల దూతలు నడుస్తూ వచ్చి ఓడ కట్టడానికి సాయం చేస్తుంటే గదిలో గుసగుసలు మొదలయ్యాయి. పుట్టిన కవల పసికందుల మీద నోవహు కత్తి ఎత్తేసరికి పెద్దాయన లేచి వచ్చి నా కటకానికి అరచెయ్యి అడ్డం పెట్టాడు. గోడ నల్లబడింది. నా వెలుతురంతా ఆయన చేతిలో పడింది. దారాలు కోసిన పాత గాట్లు ఒక్కొక్కటీ కనిపించాయి. ఆ చెయ్యి వణుకుతోంది. అది కోపం కన్నా భయం వల్లనే అనిపించింది నాకు. తాను నమ్మిన దేవుణ్ని పిల్లల ముందు ఎవరో మరొకరిలా చూపిస్తున్నారన్న భయం.

పాస్టరు గారు నన్ను ఆర్పలేదు, ఆటా కొనసాగించలేదు. బొమ్మను నిలిపేసి ఆదికాండం 6 నుంచి 9 దాకా అందరిచేతా చదివించారు. అప్పుడు బయటపడిన సంగతి నాకూ కొత్తే. జలప్రళయం ముగిసి, ద్రాక్షతోట వేసి, మత్తు దిగేదాకా నోవహు నోట ఒక్క మాట కూడా రాయబడలేదు. 9వ అధ్యాయం 25వ వచనంలోనే ఆయన మొదటిసారి మాట్లాడతాడు, అదీ శాపం. అంటే వాక్యంలో లేని మాట ఒక్కటీ ఉండకూడదంటే నోవహు సినిమా మూగ సినిమా అవుతుంది. అంతలో ఎనిమిదో తరగతి పిల్ల లేచింది: “7వ అధ్యాయం 13లో ముగ్గురు కోడళ్లూ ఓడెక్కారని ఉంది కదా అయ్యగారూ, సినిమాలో ఇద్దరు కొడుకులకు పెండ్లాలే లేరేంటి?”

ఆ పిల్ల ప్రశ్నే నాకు కొలబద్ద అయింది. వాక్యం మౌనంగా ఉన్నచోట ఊహించడం ఒకటి, వాక్యం స్పష్టంగా చెప్పినదాన్ని తిరగరాయడం వేరొకటి. నిర్గమకాండం రెండో అధ్యాయంలో మోషే ఒక వచనంలో పసివాడు, తర్వాతి వచనంలో పెద్దవాడు. ఆ సందులోకి సెసిల్ బి. డిమిల్ 1956లో ‘టెన్ కమాండ్‌మెంట్స్’ కోసం ఒక రాజకుమారి ప్రేమను, అన్నదమ్ముల పోటీని దూర్చాడు. 220 నిమిషాల ఆ సినిమాను మావాళ్లు ఎర్రసముద్రం కోసం ఓపికగా చూస్తారు, ప్రేమకథను క్షమిస్తారు. 2014లోనే వచ్చిన రిడ్లీ స్కాట్ ‘ఎక్సోడస్’లో దేవుడి పక్షాన ఒక చిన్న కుర్రవాడు మాట్లాడతాడు, అదీ మొండిగా. దాన్ని మాత్రం క్షమించలేకపోయారు. నేను వాళ్ల పక్షమే. మోషే యవ్వనాన్ని ఎలా ఊహించినా విశ్వాసం చెడదు. దేవుడి గుణాన్ని మారిస్తే కథకు వెన్నెముకే విరుగుతుంది.

‘నోవా’ విడుదలకు ముందు క్రైస్తవ ప్రసార సంస్థలు అభ్యంతరం చెప్పాయి. దాంతో పారామౌంట్ వాళ్లు, ఇందులో కళాత్మక స్వేచ్ఛ తీసుకున్నామనీ అసలు కథ ఆదికాండంలో ఉందనీ ప్రకటనల్లో చేర్చారు. ఆ ఒక్క ముక్క ప్రతి బైబిలు సినిమా మొదట్లోనూ ఉండాలని నా కోరిక. భక్తితో తీసినవాటికి అది మరీ అవసరం, ఎందుకంటే అక్కడ ఎవరూ అనుమానించరు. ‘ప్యాషన్’ చూసి మా గది గదంతా ఏడ్చింది. యోహాను 19:1లో కొరడా దెబ్బల మాట ఒక్క వాక్యంలో అయిపోతుంది, సినిమాలో చూడలేనంతసేపు సాగుతుంది. యేసు ముఖం తుడిచిన వెరోనికా నాలుగు సువార్తల్లోనూ లేదు. గెత్సేమనేలో పాము తల చితకడమూ అక్కడ లేదు. ఆన్ కాథరిన్ ఎమ్మెరిక్ అనే జర్మన్ కన్యస్త్రీ దర్శనాల పుస్తకం నుంచి గిబ్సన్ చాలా తీసుకున్నాడు. ఇదంతా సువార్తలోదేనని మా బాప్టిస్టు అక్కలు నమ్మి ఊళ్లోవాళ్లకు ఫోన్లలో చెప్పారు. కన్నీళ్లు నిజమే, కానీ అవి వచ్చాయి గనక చూసినదంతా వాక్యమేనని అనుకోకూడదు.

మన దేశంలో సినిమాకూ క్రీస్తు కథకూ పాత చుట్టరికమే ఉంది. 1910 ప్రాంతంలో బొంబాయిలో ‘లైఫ్ ఆఫ్ క్రైస్ట్’ చూసిన దాదాసాహెబ్ ఫాల్కే, మన దేవుళ్లను తెర మీద ఎప్పుడు చూస్తామని తపించి ‘రాజా హరిశ్చంద్ర’ తీశాడు. తెలుగువాళ్లకైతే పురాణాన్ని పెంచి చెప్పడం కొత్త కాదు. ‘మాయాబజార్’లోని శశిరేఖ పెళ్లి వ్యాసుడి భారతంలో లేదు. 1978లో భీమ్‌సింగ్ దర్శకత్వంలో విజయచందర్ యేసుగా ‘కరుణామయుడు’ వచ్చినప్పుడు పల్లెలు దాన్ని గుండెకు హత్తుకున్నాయి. మోదుకూరి జాన్సన్ మాటల్లో యేసు తెలుగులో మాట్లాడాడు. మా గదిలో నల్లగొండ అవ్వ ఒకామె ఏ హాలీవుడ్ సినిమా వేసినా అడిగేది ఒకటే: “మన యేసయ్యది ఎప్పుడేస్తరు బిడ్డా?”

నిషేధం మాట కూడా మా గదిలో వస్తుంది. 2006లో ‘డావిన్చీ కోడ్’ సినిమాను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది, హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. కోర్టు చేసింది మంచి పని. మూసిన తెర ముందు ఎవరూ బైబిలు తెరిచి సరిచూసుకోరు.

వచ్చే శ్రమల వారానికి పాస్టరు గారు ఏర్పాటు చెప్పారు. ‘ప్యాషన్’ను ముక్కలు ముక్కలుగా వేస్తారు. కొరడా దెబ్బల దగ్గర చిన్నపిల్లల్ని బయటికి పంపేస్తారు. ప్రతి ముక్కకూ ముందు యోహాను 18, 19 అధ్యాయాల్లోని ఆ భాగం చదవాలి, తర్వాత సినిమాలో ఏది ఎక్కువైందో పిల్లలు చెప్పాలి. పెద్దాయన చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, చదివే పని తనకిస్తే వస్తానన్నాడు. పాస్టరు గారు ఒప్పుకున్నారు.